అమ్మకానికి పెట్టని గేములకు కాపలా ఎందుకు? పాత వీడియో గేముల హక్కుదారులకు బహిరంగ లేఖ

పాత వీడియో గేముల హక్కులు చేతిలో ఉన్న ప్రచురణ సంస్థలకు, వాటి తరఫున కోర్టుల్లోనూ ప్రభుత్వ విచారణల్లోనూ వాదించే సంఘాలకు నమస్కారాలతో,

నేను న్యాయవాదిని కాను, మీతో పోటీపడే వ్యాపారినీ కాను. డబ్బు పెట్టి కొన్న పాత క్యాట్రిడ్జ్‌లలోని (గేము చిప్ ఉండే ప్లాస్టిక్ పెట్టెలలోని) డేటాను రీడర్ సాయంతో కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, పాత గేము యంత్రాన్ని కంప్యూటర్ మీద అనుకరించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము మీద ఆడుకునే మామూలు ఆటగాణ్ణి. మీరు అమ్ముతున్న గేమును డబ్బు చెల్లించకుండా దించుకోవడం తప్పేనని మొదటే ఒప్పుకుంటున్నాను. ఆ విషయంలో మీకూ నాకూ పేచీ లేదు. పేచీ అంతా మీరు అమ్మడం మానేసిన గేముల గురించే. వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ రాసేవారితోనూ, వాటిని భద్రపరిచే గ్రంథాలయాలతోనూ, నిన్నగాక మొన్న విడుదలైన గేమును దొంగిలించినవారితో ఎంత కఠినంగా ఉంటారో అంతే కఠినంగా మీరు ఉంటున్నారు. ఈ ముగ్గురు చేసే పనులూ వేర్వేరని, మూడింటికీ ఒకే మందు పనికిరాదని చెప్పడానికే ఈ లేఖ.

ముందుగా మాటల విషయం తేల్చుకుందాం, ఎందుకంటే మీ ప్రకటనల్లో ఎమ్యులేటర్, రోమ్, పైరసీ అనే మూడు మాటలూ తరచుగా ఒకే వాక్యంలో, ఒకే అర్థంలో కనిపిస్తాయి. 1983లో జపాన్‌లో నింటెండో సంస్థ తెచ్చిన ఫామికామ్ అనే కన్సోల్‌లోనూ (ఇంట్లో టీవీకి తగిలించి ఆడే గేము యంత్రంలోనూ), దాని విదేశీ రూపమైన ఎన్‌ఈఎస్‌లోనూ సెకనుకు దాదాపు 18 లక్షల స్పందనలతో నడిచే 8 బిట్ ప్రాసెసర్ ఉండేది. దానికి ఫలానా ఆదేశం అందితే ఏ రిజిస్టర్‌లో ఏ విలువ మారాలి, బొమ్మలు గీసే చిప్ ఆ క్షణానికి తెర మీద ఏ గీత దగ్గర ఉండాలి, ధ్వనిని పుట్టించే భాగం ఏ స్వరం పలకాలి అన్న లెక్కంతటినీ ఇంకో కంప్యూటర్ మీద మళ్లీ చేసి చూపించే ప్రోగ్రామే ఎమ్యులేటర్. అందులో మీ గేము రవ్వంత కూడా ఉండదు. క్యాట్రిడ్జ్‌లోని చిప్ నుంచి బయటికి తీసిన గేము ప్రతి రోమ్ అవుతుంది; కాపీరైట్ ప్రశ్న లేచేది అక్కడ. ఎమ్యులేటర్ అనేది యంత్రాన్ని అర్థం చేసుకుని, ఆ అర్థాన్ని కోడ్‌గా రాసిపెట్టిన పని. ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వనంత వివరంగా మీ సొంత యంత్రాల నడతను నమోదు చేసినవారు ఈ ఔత్సాహికులే. 1997 ఫిబ్రవరిలో నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ ప్రాజెక్టు, ఆర్కేడ్ బోర్డుల (ఆటశాలల్లో నాణెం వేసి ఆడే గేము యంత్రాల సర్క్యూట్ పలకల) లోపలి పనితీరును లిఖితరూపంలో భద్రపరచడమే తన మొదటి ఉద్దేశమని, ఆడగలగడం దానివల్ల కలిగే అదనపు ఫలితమని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. ఆ మాట విని నవ్వుకున్నవారు ఉన్నారు, మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఒకసారి దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠం) తెరిచి చదివాక నవ్వు పోయింది.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించి పాతికేళ్లు దాటింది. ఒక కన్సోల్‌తో కలిసి పనిచేసే ప్రోగ్రాము రాయడానికి కావలసిన సమాచారం వేరే దారిలో దొరకనప్పుడు, దాని కోడ్‌ను విప్పి చూడటం న్యాయమైన వినియోగమేనని 1992లో సెగా, అకొలేడ్ సంస్థల మధ్య కేసులో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తేల్చింది. 1999లో కనెక్టిక్స్ సంస్థ ప్లేస్టేషన్ గేముల్ని మాకింతోష్ కంప్యూటర్ల మీద నడిపించే వర్చువల్ గేమ్ స్టేషన్‌ను విడుదల చేసింది. దాన్ని తయారుచేస్తున్నప్పుడు సోనీ బయోస్‌ను (కన్సోల్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను) కాపీ చేసి పరిశీలించిన మాట నిజమే కానీ, అమ్మిన సరుకులో సోనీ కోడ్ లేదు. సోనీ దావా వేసి కింది కోర్టులో నిషేధ ఉత్తర్వు తెచ్చుకుంది. 2000 ఫిబ్రవరిలో అదే అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. సోనీకి పోటీ పెరిగి అమ్మకాలు తగ్గవచ్చునేమో గానీ, కాపీరైట్ చట్టం ఆ మేరకు గుత్తాధిపత్యాన్ని కాపాడదని తీర్పు సారాంశం. ఐరోపాలోనూ ఒక ప్రోగ్రాముతో మరో ప్రోగ్రామును కలిపి పనిచేయించడానికి డీకంపైల్ చేసే (కోడ్‌ను విప్పి చదివే) హక్కును 1991 నాటి సాఫ్ట్‌వేర్ ఆదేశమే షరతులతో గుర్తించింది.

అయినా గెలిచినవారికి ఏం మిగిలింది? ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత బ్లీమ్ సంస్థ విషయంలో అక్షరాలా నిజమైంది. ప్లేస్టేషన్ గేముల్ని మామూలు పీసీల మీద నడిపించే ఎమ్యులేటర్‌ను అమ్మిన ఆ చిన్న సంస్థ, తన ప్రకటనల్లో ప్లేస్టేషన్ గేముల తెరచిత్రాలను పోల్చి చూపడం గురించిన వివాదంలో 2000లో అప్పీలు కోర్టు చేత సమర్థన పొందింది. 2001లో మూతపడింది. కనెక్టిక్స్ ఉత్పత్తిని అదే ఏడాది సోనీయే కొనేసి, అమ్మకం ఆపేసింది. ఆనాటి నుంచి ఎమ్యులేటర్లు రాసేవారు చట్టాన్ని చూసి కాదు, చట్టం తమ పక్షాన ఉందని నిరూపించుకోవడానికి అయ్యే ఖర్చును చూసి భయపడుతున్నారు. మీ లాయరు నోటీసు ఒక్కటి వస్తే చాలు, పదేళ్ల పని రాత్రికి రాత్రి మాయమవుతుంది. ఆ నోటీసులోని వాదన సరైనదో కాదో ఏ న్యాయమూర్తీ చూడరు.

యుజు సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే నేను అనుకూలమైన ఉదాహరణలు మాత్రమే ఏరుకున్నానని మీరంటారు. స్విచ్ కన్సోల్‌కు ఎమ్యులేటర్ అయిన యుజు మీద నింటెండో 2024 ఫిబ్రవరిలో దావా వేసింది. 2023 మేలో విడుదల కావలసిన జెల్డా గేము ముందే బయటికి పొక్కి, విడుదల తేదీ లోపు పది లక్షలకు పైగా డౌన్‌లోడ్ అయిందని ఆరోపించింది. కొద్ది రోజుల్లోనే యుజు వెనకున్న సంస్థ 24 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని, పని ఆపేసింది. అప్పటికి స్విచ్ దుకాణాల్లో అమ్ముడవుతున్న కన్సోల్. దాని గేములకున్న గూఢలిపి రక్షణను ఛేదించడం 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టానికి ఎంత దగ్గరగా తగులుతుందో కూడా వాదించదగ్గ ప్రశ్నే. కాబట్టి ఆ దావా వేసినందుకు నింటెండోను నేను తప్పుపట్టను. కానీ అదే బృందం చేతిలో ఉన్న సిట్రా కూడా యుజుతో పాటే మూతపడింది. సిట్రా నడిపించేది 3డీఎస్ గేముల్ని. ఆ 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణాన్ని నింటెండో 2023 మార్చి 27న, అంటే ఆ ఒప్పందానికి దాదాపు ఏడాది ముందే, స్వయంగా మూసేసింది. కొనడానికి దారి మూసిన చేత్తోనే, ఆడటానికి మిగిలిన దారీ మూసినట్టయింది. నేను అడుగుతున్న తేడా ఈ రెండు ప్రోగ్రాముల మధ్య ఉన్న తేడాయే.

అమ్మ పెట్టనూ పెట్టదు, అడుక్కుతిననూ తిననివ్వదు అని మా భాషలో ఒక సామెత ఉంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి 2023 జులైలో వెలువరించిన అధ్యయనం చదువుతుంటే ఆ సామెతే గుర్తొచ్చింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో దొరకడం లేదు. గేమ్ బాయ్ కుటుంబానికి చెందిన గేముల్లో దొరికేవి ఆరు శాతం లోపే. మొత్తం మీద దొరుకుతున్న ఆ 13 శాతాన్ని ఆ అధ్యయనం అమెరికా మూకీ చిత్రాల మిగులుతో పోల్చింది. మూల రూపంలో మిగిలిన మూకీ కథాచిత్రాలు 14 శాతమని అంతకు పదేళ్ల ముందు అక్కడి జాతీయ గ్రంథాలయం తేల్చింది. నైట్రేట్ ఫిలిం మంటల్లో కాలిపోయింది, వెండి కోసం కరిగించారు, దాచే చోటు లేక పారేశారు. మీ గేముల విషయంలో అలాంటి నిప్పేమీ పుట్టలేదు. చాలా వాటి ప్రతులు భద్రంగానే ఉన్నాయి. దొరకనిది మీ అనుమతి.

మీరు వెంటనే చెప్పే సమాధానం నాకు తెలుసు. పాత గేముల్ని మళ్లీ విడుదల చేస్తున్నామని, చందా కడితే వాటిని ఆడుకోవచ్చునని, ఎమ్యులేటర్లు ఆ మార్కెట్టును దెబ్బతీస్తాయని అంటారు. మళ్లీ విడుదల చేసినవాటి విషయంలో మీ వాదన నిలుస్తుంది, నేను కాదనను. కానీ అవి మళ్లీ ఎలా విడుదలవుతున్నాయో చూడండి. 2016లో 30 గేములతో నింటెండో అమ్మిన బుల్లి ఎన్‌ఈఎస్ లోపల ఉన్నది లైనక్స్ మీద నడిచే ఎమ్యులేటర్. 2018లో 20 గేములతో సోనీ అమ్మిన ప్లేస్టేషన్ క్లాసిక్ లోపల ఉన్నది పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్, అంటే ఔత్సాహికులు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఎమ్యులేటర్. బ్లీమ్ మీదా కనెక్టిక్స్ మీదా దావా వేసిన సంస్థే, అదే కన్సోల్‌కు, బయటివారు రాసిన ఎమ్యులేటర్‌ను తన పెట్టెలో పెట్టి అమ్మింది. లైసెన్స్ అనుమతించింది కాబట్టి అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. నాకు కావలసిందీ ఆ ఒప్పుకోలే: ఈ పరిజ్ఞానం దొంగల పనిముట్టు కాదు, మీకూ అక్కరకొచ్చిన పనిముట్టు. 1997 నాటి బ్లేడ్ రన్నర్ గేము సోర్స్ కోడ్ పోయింది. 2019లో అది మళ్లీ అమ్మకానికి వచ్చిందంటే, పాత గేముల్ని కొత్త కంప్యూటర్ల మీద నడిపించే స్కమ్‌వీఎం అనే ప్రోగ్రామును రాసే ఔత్సాహికుల బృందం దాని ఇంజన్‌ను (గేమును నడిపే కోడ్‌ను) ఏళ్ల తరబడి విప్పి చూసి తిరిగి రాయడం వల్లనే. ఎమ్యులేటర్ ఉన్నంత మాత్రాన చట్టవిరుద్ధం కాదని, వాడే తీరును బట్టి అవుతుందని 2025 జనవరిలో టోక్యోలో నింటెండో మేధోహక్కుల విభాగం ప్రతినిధే అన్నట్టు వార్తలొచ్చాయి. ఆ ఒక్క మాటను మీరందరూ మీ వెబ్‌సైట్లలో స్పష్టంగా రాసిపెడితే, సగం భయం పోతుంది.

ఆగడానికి వీల్లేని కారణం ఇంకొకటి ఉంది: యంత్రాలు చచ్చిపోతున్నాయి. 1983లో అటారీ గేముల్ని ఖాళీ క్యాట్రిడ్జ్‌లోకి కాపీ చేసుకునే పరికరాన్ని అమ్మిన ఒక సంస్థ మీద అటారీ వేసిన కేసులో, రోమ్ చిప్‌లు ఫ్లాపీల్లా యాంత్రిక, విద్యుత్ లోపాలతో చెరిగిపోయే రకం కావని, అందువల్ల రక్షణ ప్రతి తీసుకునే వెసులుబాటు వాటికి వర్తించదని అమెరికాలో ఒక జిల్లా కోర్టు భావించింది. ఆనాటికి ఆ నమ్మకం అర్థం చేసుకోదగ్గదే. ఇప్పుడు కెపాసిటర్లు కారి బోర్డుల్ని తినేస్తున్నాయి, ఈప్రామ్‌లు (గేము డేటా రాసిపెట్టిన ఒక రకం చిప్‌లు) మెల్లగా చార్జ్ పోగొట్టుకుంటున్నాయి, డిస్కుల లోపలి పొర పుచ్చిపోతోంది. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన సీపీఎస్-2 ఆర్కేడ్ బోర్డు సంగతి మరీ విచిత్రం. గేమును విప్పే తాళంచెవి సంఖ్యలు బ్యాటరీ ఆధారంతో నిలిచే మెమరీలో ఉంటాయి. ఎవరైనా తెరిచి చూడకుండా ఆ ఏర్పాటు. బ్యాటరీ అయిపోయిన నాడు తాళంచెవి చెరిగిపోతుంది, న్యాయంగా కొన్న యజమాని చేతిలోనే బోర్డు శవమవుతుంది. దాన్ని ఆత్మహత్య బ్యాటరీ అని పిలుచుకున్నారు. 2001లో ఔత్సాహికులు ఆ రహస్యాన్ని ఛేదించారు కాబట్టే ఆ బోర్డుల్ని తిరిగి బతికించడం సాధ్యమైంది. వాళ్లు చేసింది తాళం పగలగొట్టడమే. కానీ ఆ తాళం కాపాడుతున్నదేమిటి, నాశనం చేస్తున్నదేమిటి అని అడగకుండా తాళం పగిలిందన్న ఒక్క మాటతో నేరం తేల్చేస్తే, చట్టం బ్యాటరీ పక్షాన నిలబడ్డట్టే.

1995 నుంచి 2000 వరకు జపాన్‌లో ఉపగ్రహం ద్వారా సూపర్ ఫామికామ్‌కు గేములు ప్రసారం చేసిన శాటెలావ్యూ సేవ సంగతి ఇంకా దారుణం. ఆ గేముల్లో చాలావాటికి దుకాణంలో అమ్మిన ప్రతి అంటూ లేనేలేదు. ఎవరి మెమరీ ప్యాక్‌లోనో మిగిలి ఉంటే దాన్ని వెతికి పట్టుకుని డంప్ చేయడమే (డేటాను కంప్యూటర్‌లోకి ప్రతి తీయడమే) దారి. తాళపత్రాలు చెదల పాలు కాకుండా మనదాకా వచ్చాయంటే ఎవరో ఒకరు అడక్కుండానే ఎత్తి రాసుకోవడం వల్లనే కదా.

ఇక గ్రంథాలయాల విషయానికి వస్తున్నాను. మీ మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే. అమెరికాలో ప్రతి మూడేళ్లకూ కాపీరైట్ కార్యాలయం, డిజిటల్ తాళాలను ఛేదించరాదన్న 1998 నాటి ఆ చట్టానికి మినహాయింపులు ఎవరికివ్వాలో విచారిస్తుంది. గ్రంథాలయాలు, ఆర్కైవులు భద్రపరిచిన, గేములు కాని ఇతర సాఫ్ట్‌వేర్‌ను పరిశోధకులకు దూరం నుంచి చూపించడానికి 2021లో అనుమతి వచ్చింది. మార్కెట్లో దొరకని గేములకూ అదే వెసులుబాటు ఇవ్వమని భద్రపరిచేవారు అడిగారు. మీ సంఘాలు వ్యతిరేకించాయి. ఎలాంటి షరతులు పెడితే ఒప్పుకుంటారని 2024 విచారణలో అడిగినప్పుడు, ఏ షరతుల కలయికకూ ప్రస్తుతం మద్దతివ్వలేమన్నది మీ తరఫు జవాబు. ఆ అక్టోబరులో కార్యాలయం ఆ వినతిని తిరస్కరించింది. పరిశోధన పేరు చెప్పి జనం వినోదానికి ఆడుకుంటారన్న భయం మీ వాదనకు మూలం. గ్రంథాలయంలో నవల తీసుకున్నవారు సరదాగా చదువుకుంటారేమోనని నవలలు ఇవ్వకుండా ఉంటారా? గేము ఎలా ఆడిస్తుందో తెలుసుకోవాలంటే ఆడాల్సిందే. ఆనందం కలిగినంత మాత్రాన అధ్యయనం దొంగతనమైపోదు. ఇవాళ ఒక పరిశోధకుడు గేమ్ బాయ్ గేముల చరిత్ర రాయాలంటే ఆ ప్రతి ఉన్న భవనం దాకా ప్రయాణం చేయాలి, లేదా ఆన్‌లైన్‌లో సొంతదారులెవరో తెలియని సెకండ్‌హ్యాండ్ క్యాట్రిడ్జ్ కొనాలి, లేదా చట్టాన్ని పక్కన పెట్టాలి. సెకండ్‌హ్యాండ్ ప్రతికి ఎంత ధర పెట్టినా మీకు ఒక్క పైసా రాదు, ఆ గేము రాసిన ప్రోగ్రామరుకూ రాదు. అన్నట్టు ఆ రోజుల్లో వాళ్ల పేర్లు కూడా పెట్టెల మీద వేయలేదు. అటారీ అడ్వెంచర్ గేములో తన పేరును ఒక రహస్య గదిలో దాచుకోవలసి వచ్చిన వారెన్ రాబినెట్ ఉదంతం మీకు నేను చెప్పనక్కర్లేదు. సృష్టికర్తల కోసమే ఈ కాఠిన్యమంతా అన్నప్పుడు ఈ మాట గుర్తుకొస్తుంటుంది.

అమెరికా చట్టం ప్రకారం సంస్థల పేరిట ఉన్న కృతికి ప్రచురణ నుంచి 95 ఏళ్ల కాపీరైట్ ఉంటుంది, అంటే 1980లో వచ్చిన గేము 2075 చివరిదాకా హక్కుల కిందే ఉంటుంది. అప్పటికి ఆ గేమును నడిపిన ఒక్క బోర్డు పనిచేస్తుందా? పైగా హక్కులు ఎవరివో హక్కుదారులకే తెలియని సందర్భాలున్నాయి. 2000లో వచ్చిన నో వన్ లివ్స్ ఫరెవర్ గేమును మళ్లీ తేవాలని ఒక చిన్న సంస్థ ప్రయత్నించినప్పుడు, హక్కుల్లో వాటా ఉండవచ్చునన్న పెద్ద సంస్థల మధ్య తిరిగి తిరిగి చివరికి వదులుకోవలసి వచ్చింది.

మా వైపు కూడా లోపాలు లేకపోలేదు. వేలాది రోమ్‌లు నింపిన పెట్టెల్ని అమ్ముకునేవారిని, ప్రకటనల డబ్బు కోసం కొత్త గేముల్ని పంచే సైట్లను నేను సమర్థించను. 2018లో అలాంటి సైట్ల నిర్వాహకుల మీద నింటెండో కోటీ 20 లక్షల డాలర్లకు పైగా తీర్పు పొందినప్పుడు నాకు జాలి కలగలేదు. 24 గంటల్లో చెరిపేస్తే రోమ్ దించుకోవడం చట్టబద్ధమేనని ఇప్పటికీ నమ్మేవారు మాలో ఉన్నారు. ఏ చట్టంలోనూ ఆ వాక్యం లేదు. అబాండన్‌వేర్ (హక్కుదారు వదిలేసిన సాఫ్ట్‌వేర్) అన్న మాటకూ చట్టంలో చోటు లేదు. సొంత క్యాట్రిడ్జ్ ఉన్నా ఇంకొకరు పంచిన ప్రతిని దించుకోవడం వేరే సంగతి అని కూడా నేను ఒప్పుకుంటాను, కాకపోతే అమ్మకంలో లేని గేము విషయంలో ఆ తప్పు మీకు చేసే నష్టం ఎంతో నిజాయితీగా లెక్కకట్టమని అడుగుతాను.

హక్కులు వదులుకోమని నేను అడగడం లేదు. ఐడీ సాఫ్ట్‌వేర్ 1997లో డూమ్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది; లెవెళ్లూ బొమ్మలూ ధ్వనుల మీద హక్కుల్ని మాత్రం ఉంచుకుని, ఇప్పటికీ ఆ గేమును అమ్ముకుంటోంది. 2025 ఫిబ్రవరిలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కూడా కమాండ్ అండ్ కాంకర్ శ్రేణిలోని కొన్ని గేముల కోడ్‌ను అలాగే ఇచ్చింది. అంత దూరం రావడం మీకు ఇష్టం లేకపోతే, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి చట్టం ప్రకారం గేములు చేరుతున్నట్టే, ప్రతి గేము ప్రతినీ, వీలైతే కోడ్‌నూ, తాళంచెవులతో సహా ఒక ఆర్కైవుకు అప్పగించండి. దుకాణం మూసేనాడు ఆ కన్సోల్ ఎమ్యులేటర్ల మీద చర్య తీసుకోబోమని రాతపూర్వకంగా చెప్పండి. రేపు మీరే ఆ గేమును మళ్లీ అమ్మదలిస్తే, ఆ మాటను ఆ గేము వరకు వెనక్కి తీసుకునే వీలు మీకు ఎలాగూ ఉంటుంది.

మూడేళ్ల లెక్కన ఆ మినహాయింపుల విచారణ 2027లో మళ్లీ ముగుస్తుంది. వినతులు అంతకు ముందే మొదలవుతాయి. ఒకసారికి ఒక్కరే ఆడాలంటారా, పేరు నమోదు చేసుకోవాలంటారా, గంటల పరిమితి పెట్టాలంటారా, మీరు అమ్మకానికి పెట్టిన రోజే జాబితా నుంచి తీసేయాలంటారా, ఏదైనా అనండి. ఈసారి ఆ గదిలోకి వచ్చేటప్పుడు ఏ షరతుకూ ఒప్పుకోమన్న జవాబుతో కాక, ఒప్పుకోగల షరతుల కాగితంతో రమ్మని కోరుతున్నాను.

ఇట్లు,
పాత గేములు ఆడే ఒక ఆటగాడు